బైపోలార్‌కి గుంటూరు జీజీహెచ్‌లో చూపించుకున్నవాళ్లు ఉన్నారా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
మా తమ్ముడు బైపోలార్‌తో (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు) ప్రైవేటు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. దానికి లిథియం మాత్రలు వాడుతున్నాడు. ప్రతిసారీ ఫీజులు కట్టలేకపోతున్నాం, గుంటూరు జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) మారవచ్చా? ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాడు. మళ్లీ వెళ్తానంటున్నాడు, అమ్మ ఒప్పుకోవడం లేదు. స్వయంగా అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
అక్కా, నాదీ బైపోలారే, లిథియమే. జీజీహెచ్ సైకియాట్రీ ఓపీలోనే చూపించుకుంటున్నాను. నిస్సంకోచంగా రండి. డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ, చివరిసారి చేయించిన లిథియం లెవెల్ (రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్ష) రిపోర్టు తెచ్చుకోండి. ఎన్ని గంటలు నిద్రపోయానో, ఏ రోజు మాటలు మితిమీరాయో నేను డైరీలో రాసి డాక్టరుగారికి చూపిస్తాను. నోటితో చెప్పబోతే సగం మర్చిపోతాను.

పని మాత్రం మాన్పించకండి. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడే నేను ఎక్కువ కుంగిపోయాను. మా పెదనాన్న మిర్చి యార్డులోని తన కొట్లో పూటపని ఇచ్చారు, లెక్కలు రాయడం. నా జబ్బేంటో గుమాస్తాలకు ఆయనే చెప్పారు. దాచాల్సిన అవసరం పోయాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

అయితే వెల్డింగ్ అంటే వేడి, చెమట. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. మే నెల ఎండల్లో మరీ ప్రమాదం. నాకు మొదట వైద్యం చేసినచోట ఈ మాట ఎవరూ చెప్పలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు ఎక్కువవడం, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒళ్లునొప్పులకు డాక్టరుని అడగకుండా ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోనివ్వకండి. నైట్ డ్యూటీ అసలు వద్దు. నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది.

జవాబు (మంగళగిరి):
రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మా ఆయన విషయంలో నాకు అదే ఆసరా అయింది. ఇంకొకటి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బు ముదిరితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో మీ తమ్ముడు ముందే రాసిపెట్టుకోవచ్చు. తెరిపిగా ఉన్న ఈ రోజుల్లోనే కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
నీళ్ల సంగతి మాకూ తెలియదు తమ్ముడూ. రక్తపరీక్షకి పరగడుపున తీసుకురావాలా?

జవాబు (బ్రాడీపేట):
లిథియం లెవెల్‌కి పరగడుపు అక్కర్లేదక్కా. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి. పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోమనండి.