కణ జీవశాస్త్రానికి విడి పరీక్ష అవసరమా?

సూక్ష్మదర్శిని:
మానవ శరీర నిర్మాణ, ధర్మశాస్త్రాల కోర్సు ఏది తీసుకున్నా మొదట్లోనే కణం పాఠం ఉంటుంది. అది కాగానే దానికో పరీక్ష. బొమ్మలో భాగాలు గుర్తించండి, జతపరచండి, ఖాళీలు పూరించండి. మైటోకాండ్రియా శక్త్యాగారాలు, లైసోజోములు స్వయం విచ్ఛిత్తి సంచులు, రైబోజోములు ప్రోటీన్ల తయారీ కేంద్రాలు. మార్కులు దండిగా వస్తాయి. ఆ తర్వాత కణం ఊసు ఎవరూ ఎత్తరు.

కొన్ని నెలలకు మూత్రపిండం పాఠం వస్తుంది. సమీపస్థ సంవళిత నాళిక (వడపోత తర్వాత ద్రవం మొదట చేరే మెలికల గొట్టం) కణాల్లో మైటోకాండ్రియా ఎందుకు కిక్కిరిసి ఉంటాయని అడిగితే తరగతి మొత్తం నేల చూపులు చూస్తుంది. మైటోకాండ్రియా తెలుసు, నాళిక తెలుసు. వడపోతలో వచ్చిన సోడియంలో దాదాపు మూడింట రెండు వంతులు అక్కడే తిరిగి పీల్చుకోవాలనీ, అందుకు కణత్వచంలోని ప్రోటీన్ పంపులు నడవాలనీ, పంపులకు ఏటీపీ (కణం శక్తిగా ఖర్చు చేసే అణువు) కావాలనీ ఒక వరుసలో చెప్పేవారు ఉండరు.

కాబట్టి నా వాదన ఇది. కణం పాఠానికి విడి పరీక్ష ఎత్తేయాలి. ఆ మార్కులు కండరం, నాడి, రక్తం, మూత్రపిండం పరీక్షల్లో పంచాలి. ‘కణ శక్త్యాగారాలు ఏవి?’ అనే ప్రశ్నకు బదులు రక్తం పరీక్షలో ఇలా అడుగుదాం: ‘పరిపక్వ ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండవు. అది 120 రోజుల పాటు ఏటీపీ ఎలా సంపాదించుకుంటుంది? తాను మోసే ఆక్సిజన్‌ను తాను ఎందుకు ఖర్చు చేయదు?’ బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు. అర్థమైనవాడు గ్లైకాలసిస్ (ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ను విడగొట్టి ఏటీపీ పొందడం) గురించి నాలుగు వాక్యాలు రాసి బయటపడతాడు. మీరేమంటారు?

పాత లెక్చరర్:
మీ ప్రశ్న బాగుంది. మీ తీర్పు బాగా లేదు.

మొదటి అభ్యంతరం. ఎర్ర రక్తకణం ప్రశ్నకు విద్యార్థి తప్పు రాశాడనుకోండి. అతనికి రక్తం పాఠం రాలేదా, మైటోకాండ్రియా పని తెలియదా, గ్లైకాలసిస్ జరిగేది కణద్రవ్యంలో అన్న సంగతి మరిచాడా? ఆ జవాబు పత్రం చూసి మీరు చెప్పగలరా? విడి పరీక్ష ఉన్నప్పుడు లోపం ఎక్కడుందో మొదటి నెలలోనే దొరుకుతుంది. అన్నీ కలిపేస్తే ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో తెలియదు.

రెండోది. పరీక్ష అంటే కొలత మాత్రమే అన్నట్టు మాట్లాడుతున్నారు. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ ప్రచురించిన ప్రయోగాలు చూడండి. కొందరు విద్యార్థులు పాఠ్యభాగాన్ని మళ్లీ చదివారు. మరికొందరు చదవకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవారిది. అంటే పరీక్ష రాయడమే ఒక రకం చదువు. మీరు చెప్పిన మరుపు రోగానికి మందు పరీక్ష తీసేయడం కాదు, మళ్లీ మళ్లీ పెట్టడం.

ఇక పేర్లు బట్టీ అని తేలిగ్గా తీసేస్తున్నారు. గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం (రైబోజోములు అంటుకుని ఉండే పొరల వల) అన్న మాటే నోటికి రాని వ్యక్తితో క్లోమ గ్రంథి ఎంజైములు ఎలా తయారై బయటికి వెళ్తాయో మాట్లాడించడం, అక్షరాలు రాకుండా పద్యం చదవమనడమే.

మొదటి బెంచీ:
నేను విద్యార్థిని. పరీక్షలో వచ్చే కణం బొమ్మ ఎప్పుడూ పుస్తకంలో ఉన్నదే. గాల్జీ కుడివైపు పైన, మైటోకాండ్రియా ఎడమవైపు కింద. మేము చదివేది కణాన్ని కాదు, ఆ కాగితం మీద ఉన్న చోట్లను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రం ఇస్తే మా తరగతిలో ఎంతమంది గుర్తుపడతారో నాకు అనుమానమే. విడిగా పెట్టండి, కలిపి పెట్టండి, మీ ఇష్టం. అడిగేదాన్ని బట్టే మేము చదువుతాము.

మార్కుల మేస్త్రి:
ఇక్కడ అందరూ బిట్లను దోషిని చేస్తున్నారు. ప్రశ్నపత్రాలు కూర్చేవాడిగా నా మాట కూడా వినండి. నాసిరకం బిట్లు ఉన్నాయి, నిజమే. అంతమాత్రాన నాలుగు ఐచ్ఛికాల ప్రశ్న అంటేనే బట్టీ అనుకోకూడదు. ఇది చూడండి:

‘ఎర్ర రక్తకణాలను లీటరుకు 300 మిల్లీమోల్‌ల యూరియా మాత్రమే ఉన్న నీటిలో వేశారు. కణాలు ఏమవుతాయి?’ ఒకటి, ఏ మార్పూ ఉండదు. రెండు, ముడుచుకుపోతాయి. మూడు, ఉబ్బి పగిలిపోతాయి. నాలుగు, ముడుచుకుని మళ్లీ మామూలు స్థితికి వస్తాయి.

ద్రవాభిసరణం నిర్వచనం అప్పజెప్పగలిగిన విద్యార్థి ఒకటో జవాబు పెడతాడు. లోపలా బయటా గాఢత దాదాపు సమానమే కదా! సరైన జవాబు మూడు. యూరియా త్వచం దాటి లోపలికి సులువుగా వెళ్తుంది, దాని వెంట నీరూ వెళ్తుంది, కణం పగులుతుంది. అదే 0.9 శాతం సెలైన్‌లో సోడియం లోపల నిలవదు, దూరినంత పంపు బయటికి తోడేస్తుంది కాబట్టి కణం నిలబడుతుంది. మొత్తం గాఢత ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఏ పదార్థం పొరను దాటగలదు అన్నది కూడా చూడాలి. ఈ తేడా తెలిసినదీ లేనిదీ ఒక్క బిట్టుతో బయటపడింది. తప్పు ఐచ్ఛికాలను విద్యార్థుల అసలు పొరపాట్ల నుంచి తీసుకోవాలి. నోటికొచ్చిన మూడు మాటలు పడేస్తే అది ప్రశ్న కాదు.

గుడ్డిగా పెట్టే జవాబుల భయం ఉంటే రెండో అంచె చేర్చండి. మొదట జవాబు, తర్వాత దానికి కారణం, రెంటికీ నాలుగేసి ఐచ్ఛికాలు. రెండూ సరైతేనే మార్కు. గాలివాటంగా మార్కు వచ్చే అవకాశం 25 శాతం నుంచి 6.25 శాతానికి పడిపోతుంది. రెండు వందల పేపర్లు దిద్దాల్సినవారికి వ్యాసరూప ప్రశ్నల గురించి ఉపన్యాసం ఇవ్వడం తేలిక. దిద్దడానికి కూర్చుంటే తెలుస్తుంది.

తెల్లకోటు:
నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. నర్సింగ్ చదివేవారికి సమవిభజన (ఒక కణం రెండుగా చీలడం) దశల వరుస ఎందుకు అడుగుతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ప్రొఫేజ్ తర్వాత మెటాఫేజ్ అని తెలిసినందువల్ల ఏ రోగికీ ఏమీ ఒరగదు.

అడగాలనుకుంటే విన్‌క్రిస్టిన్ గురించి అడగండి. అది కాన్సర్ మందు. కణంలోని సన్నని ప్రోటీన్ గొట్టాలు, అంటే సూక్ష్మనాళికలు, కట్టుకోకుండా అడ్డుపడుతుంది. క్రోమోజోములను రెండువైపులకూ లాగే కండె ఏర్పడక కణ విభజన మధ్యలో నిలిచిపోతుంది. ఇంతవరకు పుస్తకం. కానీ ఆ మందు తీసుకునేవారిలో చాలామందికి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. నాడీకణం విభజన చెందదు కదా, మరి దానికేమైంది? నాడీకణ దేహంలో తయారైన సరుకు అక్షతంతువు (నాడీకణపు పొడవాటి తీగ) చివరి దాకా వెళ్లేది సూక్ష్మనాళికల మీదుగానే. కాలికి వెళ్లే తంతువు పొడవు మీటరు దాకా ఉంటుంది. దారి దెబ్బతింటే ముందు బాధపడేది దూరపు చివరలే. ఈ ఒక్క ప్రశ్నలో విభజన, కణ కంకాళం, నాడీ వ్యవస్థ మూడూ వచ్చాయి. సూక్ష్మదర్శిని గారు చెప్పినట్టు విడి పరీక్ష తీసేసి ఇలాంటివే అడగాలి.

పాత లెక్చరర్:
తెల్లకోటు గారూ, ప్రశ్న అద్భుతం. సూక్ష్మనాళిక అంటే ఏమిటో తెలియనివారు దాని గడప కూడా తొక్కలేరు. ఆ తెలియడాన్ని ఎప్పుడు, ఎలా పరీక్షించాలన్నదే మన తగవు.

పైగా వైద్య ప్రశ్నలు వాటంతట అవే లోతైనవి అనుకోవడం ఒక భ్రమ. గుండె మందు డిగాక్సిన్‌నే ఉదాహరణగా తీసుకోండి. ‘డిగాక్సిన్ సోడియం పొటాషియం పంపును ఆపుతుంది, గుండె సంకోచ బలం పెరుగుతుంది’ అని ఒక్క ఊపిరిలో చెప్పేవారు కోకొల్లలు. పంపు ఒక్కో ఏటీపీకి మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి పంపుతుందనీ చెబుతారు. మరి పంపు ఆగితే బలం ఎందుకు పెరగాలి అంటే మౌనం. లోపల సోడియం పెరుగుతుంది. సోడియంను లోపలికి రానిచ్చి కాల్షియంను బయటికి పంపే మారకపు ప్రోటీను మందగిస్తుంది. కణంలో కాల్షియం మిగులుతుంది, సంకోచం బలపడుతుంది. మధ్యలో ఉన్న ఈ మెట్లన్నీ వదిలేసి మొదలూ చివరా బట్టీ పట్టేవారు మీ కొత్త పరీక్షలోనూ నెగ్గుతారు. బట్టీకి వైద్యపు చొక్కా తొడిగినట్టు అవుతుంది, అంతే.

తెల్లకోటు:
అది ప్రశ్న అడిగిన తీరులో లోపం. ‘ఏమవుతుంది’ అని కాక ‘మధ్యలో ఏ మెట్టు తప్పినా బలం పెరగదు, ఎందుకు’ అని అడగవచ్చు.

సూక్ష్మదర్శిని:
లోపం ఎక్కడుందో తెలియదన్న అభ్యంతరానికి మాత్రం జవాబు చెప్పాలి, అది బలమైనదే. నా ప్రతిపాదన: వ్యవస్థల పరీక్షలోనే ప్రశ్నను రెండు ముక్కలు చేద్దాం.

అ భాగం: ‘ఒక కణంలో ఏటీపీ తయారీ నిలిచిపోయింది. కణం లోపల సోడియం గాఢత ఏమవుతుంది? ఎందుకు?’ ఇందులో మూత్రపిండం పేరే లేదు. ఇది శుద్ధ కణ జీవశాస్త్రం.
ఆ భాగం: ‘ఇది సమీపస్థ సంవళిత నాళిక కణాల్లో జరిగితే మూత్రంలోకి గ్లూకోజ్ ఎందుకు వస్తుంది?’

అ రాసి ఆ రాయలేకపోతే మూత్రపిండం పాఠం మళ్లీ చెప్పాలి. అ దగ్గరే ఆగితే కణం పాఠానికి వెళ్లాలి. పైగా మీరు చెప్పిన మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవడం కూడా ప్రతి వ్యవస్థ దగ్గరా జరుగుతుంది. మొదటి నెలలో భాగాల పేర్ల మీద ఒక చిన్న పరీక్ష ఉండాలంటారా, ఉండనివ్వండి. కానీ దానికి తుది ఫలితంలో మార్కులు కలపకూడదు.

మార్కుల మేస్త్రి:
మార్కులు కలపకపోతే ఎవరూ చదవరు. ఇది నేను రాసిచ్చే పూచీ.

మొదటి బెంచీ:
ఒక సందేహం. అ భాగం తప్పు రాస్తే దాని మీద కట్టుకున్న ఆ భాగం కూడా తప్పే అవుతుంది కదా. ఒక్క పొరపాటుకు రెండు చోట్ల మార్కులు పోతాయా?

మార్కుల మేస్త్రి:
పోకూడదు. సోడియం తగ్గుతుందని అ లో రాసిన విద్యార్థి, దాని ప్రకారం గ్లూకోజ్ పీల్పు ఇంకా పెరగాలి కదా అని ఆ లో తర్కబద్ధంగా వాదిస్తే ఆ తర్కానికి మార్కు ఇవ్వాలి. త్వచానికి ఇరువైపులా ఉన్న సోడియం తేడాతోనే గ్లూకోజ్ లోపలికి వస్తుందని అతనికి తెలుసన్నమాట. మూల్యాంకన సూచనల్లో ఆ వెసులుబాటు ముందే రాసి ఉంచాలి, లేకపోతే దిద్దేవారు ఒక్కొక్కరు ఒక్కో రకంగా దిద్దుతారు.

పాత లెక్చరర్:
అంటే బిట్లు కుదరవు, చేత్తో దిద్దాల్సిందే. రెండు వందల పేపర్ల మాట ఇందాక మీరే ఎత్తారు, మేస్త్రి గారూ.

మార్కుల మేస్త్రి:
ఎత్తాను. అందుకే అ భాగం రెండంచెల బిట్టుగా పెట్టి, ఆ భాగం మూడు వాక్యాలకు మించకుండా రాయించమంటున్నాను. యూరియా లాంటి ప్రశ్నలు ఒక పది ఎవరైనా పంపండి, ఐచ్ఛికాలు నేను కూరుస్తాను.