ఓరియల్ ఛాంబర్స్ అద్దాలు మార్చనివ్వాలా, వద్దా?

రాతిగోడ: లివర్‌పూల్ వాటర్ స్ట్రీట్‌లో ఓరియల్ ఛాంబర్స్ ఉంది. 1864లో పీటర్ ఎల్లిస్ డిజైన్ చేసిన ఆఫీసు భవనం, గ్రేడ్ 1 రక్షణ, అంటే ఇంగ్లండ్‌లో పాత కట్టడాలకిచ్చే అత్యున్నత స్థాయి. ఇలాంటి చోట చలి ఆపడానికి డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పొరల అద్దాలు, పెట్టుకోనివ్వాలా? నా మాట, వద్దు.

మెర్సీగట్టు: ఎందుకు వద్దండీ? ఇదే ఊళ్లో ఒక పాత భవనంలో పనిచేశాను. జనవరిలో కోటు విప్పితే ఒట్టు. ఓనర్‌ని అడిగితే పర్మిషన్ రాదన్నాడు, అంతే.

రాతిగోడ: అక్కడ అద్దమే భవనం. సన్నటి రాతి కమ్మీల మధ్య నుంచి కిటికీలు ముందుకు పొడుచుకొస్తాయి, వెలుతురు కోసం. బరువు మోసేది లోపలి పోత ఇనుము చట్రం. పెరటివైపు గాజు గోడ స్తంభాలను దాటి బయటికి జరిగింది. రెండు పొరల అద్దానికి లావు ఫ్రేములు కావాలి, ఆ సన్నదనం పోతుంది. షికాగో ఆకాశహర్మ్యాల కంటే ముందే కట్టారండీ!

కాకినాడఇంజినీర్: షికాగోకి దీనికీ ఏం సంబంధం? తర్వాత షికాగోలో ఆకాశహర్మ్యాలు డిజైన్ చేసిన జాన్ రూట్ కుర్రాడిగా 1864లో లివర్‌పూల్‌లో ఉన్నాడు, సరే. దీన్ని చూసే నేర్చుకున్నాడనడానికి ఆధారం?

రాతిగోడ: ముందే కట్టారన్నాను. నేర్చుకున్నాడని ఎక్కడన్నాను?

కాకినాడఇంజినీర్: ఆ అర్థం వచ్చేలా రాశారు.

చిన్నారావు: అద్దాల సంగతి తేల్చండి ముందు.

రాతిగోడ: 1866లో ది బిల్డర్ పత్రిక దీన్ని గాజు బుడగల గుట్టంది, మామూలు ఇటుక గోదాము నయమంది. 1941 బాంబు దాడిలో కొంత కూలాకే లోపలి ఇనుప చట్రం బయటపడింది. అర్థంకాని వాళ్ల చేతిలో పెడితే ఇలాంటివి మిగలవు.

మెర్సీగట్టు: అర్థంకాని వాళ్లంటే నేనా? ఆ భవనం మీద నాకేం కోపం లేదు. కాపాడాలనేది మీరు, వణికేది లోపల కూర్చున్నవాళ్లు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

రాతిగోడ: పాత అద్దాలు ముట్టుకోకుండా లోపలివైపు ఇంకో పొర బిగిస్తారు, సెకండరీ గ్లేజింగ్. దానికి చాలాచోట్ల అనుమతి దొరుకుతుంది.

మెర్సీగట్టు: డబ్బెవరు పెట్టాలి?

రాతిగోడ: అద్దె తీసుకునే ఓనరే.

మెర్సీగట్టు: పెట్టకపోతే? రక్షిత భవనం పాడవుతుంటే రిపేరు చేయమని కౌన్సిల్ నోటీసు ఇవ్వగలదు. వెచ్చగా ఉంచమని ఆ చట్టంలో ఏముంది?

కాకినాడఇంజినీర్: ఆఫీసుల్లో కనీసం 16 డిగ్రీలు ఉండాలని గైడెన్స్ ఉంది.

మెర్సీగట్టు: గైడెన్సే కదండీ. ఓనర్‌కి చూపించాను, హీటర్ కొనుక్కో అన్నాడు. కొనుక్కున్నాను, నా డబ్బులతో.