చెల్లెలి బిడ్డకు బొంత కుడుతున్నాము, ఉతికితే ముడతలు పడింది. తెలిసినవాళ్ళు చెప్పండి

ఆదోని అక్క:

అందరికీ నమస్కారం. మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు, పురిటికి మా ఇంటికే వస్తాది. పుట్టబోయే బిడ్డ కింద పరచడానికి చిన్న బొంత కుట్టాలని అమ్మ, నేను, నా కూతురు ముగ్గురం కూర్చున్నాము. అంగట్లో దొరకదని కాదు. మా జేజి (నాయనమ్మ) కట్టిన ఎమ్మిగనూరు నేత చీరలు రెండు పెట్టెలో ఉన్నాయి. ఉతికి ఉతికి తమలపాకు మాదిరి మెత్తబడినాయి. జేజి పోయి ఆరేండ్లయింది. ఆ చీరల మీద ఈ ఇంటి బిడ్డ పడుకోవాలని నా ఆశ.

వాటిని కోసే ధైర్యం చాలక ముందు వేరే చీరలతో ఒకటి కుట్టి చూసినాము. మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. పైనా కిందా పాత చీర, లోపల రెండు పొరలు కొత్త తెల్లగుడ్డ. అందంగా ఉంటాదని చీర అంచు అట్లే ఉంచినాము. పన్నెండు రోజులు పట్టింది. కుట్టినప్పుడు చాప పరిచినట్లు ఉన్నింది, ఒక్కసారి ఉతికి ఆరేస్తే కాల్చిన అప్పడం మాదిరి లేచిపోయింది.

ఇంకో మాట అడగాలి. అమ్మకు 68 ఏండ్లు. ఒక కంటికి పోయిన ఏడు శుక్లం తీసినారు, ఇంకోటి మసకే. సూదిలో దారం ఎక్కించలేదు, ఎక్కించి ఇస్తే మాత్రం చూడకుండా కుడతాది. ఎడమచేతి బొటనవేలితో గుడ్డను తడుముకుంటా పోతాది, వేలు ఆగినచోట సూది దిగుతాది. నాలుగు టాకాలు సూది మీదే పోగేసి ఒక్కసారి లాగుతాది. కొలిచి వేసినట్లే ఉంటాయి.

పాప నాలుగో తరగతి. దాని టాకాలు ఒక్కోటి వేలి కణుపంత, వరుస కూడా పక్కకు పోతాది. అది నిద్రపోయినాక విప్పి నేను మళ్ళీ కుడుతున్నా. మొన్న పొద్దున్నే బొంత పరుచుకుని చూసి, "నా కుట్లు యాడున్నాయమ్మా?" అనింది. నేను మాట మార్చినా. రెండు రోజులుగా సూది ముట్టలేదు. అద్దాలు కుడతానని ముందు నుంచీ అడుగుతా ఉన్నింది, ఇప్పుడు అదీ అడగడం లేదు. ఏం చేయమంటారు?

ఎమ్మిగనూరు నేతింటి నుంచి:

అక్కా, మా నాయన, అబ్బ (తాత) ఇద్దరూ మగ్గం మీద బతికినోళ్ళు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సంఘానికే మా అబ్బ చీరలు నేసి ఇచ్చేవాడు. మీ జేజి చీర మా వీధిలోదే అయ్యుండచ్చు, చదువుతుంటే మనసుకు బాగనిపించింది.

తప్పు మీ కుట్టులో లేదు, గుడ్డలో ఉంది. పాత చీర ఎన్నో నీళ్ళు చూసింది, ఇంక కురచయ్యేది లేదు. కొత్త గుడ్డ మొదటి ఉతుకులోనే కురచవుతాది. పడుగును, అంటే నిలువు పోగులను, బిగించి లాగి నేస్తాము గదా, నీళ్ళు తగలగానే ఆ బిగువు వదులుతాది. లోపలి పొర చిన్నదయితే పైపొర ఎక్కడికి పోవాల? ముడతలే పడాల. లోపలికి కూడా పాత గుడ్డే పెట్టండి. తప్పదంటే కొత్తదాన్ని రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఆరేసి, అట్లా రెండుసార్లు చేసినాకే కోయండి.

అంచు రెండో కారణం. అంచులో పడుగు పోగులు ఒత్తుగా పడతాయి, చీర నడిమి భాగంలో పలచగా ఉంటాయి. ఒకే గుడ్డయినా రెండూ ఒక తీరుగా సాగవు. అందుకని అంచు, చెంగు రెండూ తీసేయండి. జరీ ఉంటే బిడ్డ చర్మానికి గీరుకుంటాది కూడా. కోసే ముందు చీరను ఎండకు పట్టి చూడండి. మడతల మీద పోగులు జారి వెలుతురు కనిపిస్తే ఆ ముక్క లోపలి పొరకు వాడుకోండి.

ప్రొద్దుటూరు జేజి:

అమ్మా, నాకు 71. నేను కుట్టిన బొంతలు మా ఇంట్లో ఇప్పటికీ పదో పన్నెండో ఉంటాయి.

పాప కుట్లు విప్పొద్దు తల్లీ. దానికి గీత కావాల, అంతే. సుద్దముక్కతో రెండు వేళ్ళ ఎడంగా గీతలు గియ్యి. గీత మీద బియ్యపు గింజంత టాకా, గింజంత ఎడం, మళ్ళీ టాకా. నేను నా మనవరాండ్లకు ఒక గింజ చేతికిచ్చి పక్కన పెట్టుకోమనేదాన్ని. దారం మూరెడు చాలు. పొడుగు దారం పిల్లల చేతిలో చిక్కుపడతాది, చిక్కుపడితే విసుగొస్తాది.

సాయంత్రం పాపతోనే పది సూదులకు దారం ఎక్కించి ఒక గుడ్డకు గుచ్చి పెట్టించు. మీ అమ్మ మరుసటిరోజు ఎవురినీ పిలవకుండా కుట్టుకుంటాది. పాపకు కూడా అవ్వ తన కోసం చూస్తా ఉందని తెలుస్తాది.

గుడ్డలు బండల మీద పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, నడిమి నుంచి బయటికి చేత్తో నిమురుకుంటా పెద్ద టాకాలు వేసుకో. దారం మరీ బిగించి లాగొద్దు. పని అయినాక ఆ పెద్ద టాకాలు తీసెయ్యి.

గుంతకల్లు తండా:

జేజి మాటకు ఒక్కటి కలుపుతా. వేలి కణుపంత టాకా పైన ఉండకూడదక్కా, బిడ్డ కాలివేళ్ళు ఇరుక్కుంటాయి. అవి విప్పాల్సిందే, కానీ పాప కూర్చుని విప్పాల, మీరు కాదు. ఎందుకో చెబితే తొమ్మిదేండ్ల పిల్లకు అర్థమవుతాది.

మేము సుగాలోళ్ళం, లంబాడీలని కూడా అంటారు. అద్దాల పని మా అమ్మ దగ్గర నేర్చుకున్నా. చంటిబిడ్డ గుడ్డకు అద్దం, పూస, గవ్వ ఏదీ పెట్టం. ఊడితే నోట్లోకే పోతాది. పాపతో మీ చెల్లెలికి ఒక సంచి కుట్టించండి, దాని మీద అద్దాలు పెట్టనియ్యండి. అద్దం మీద అడ్డంగా రెండు దారాలు, నిలువుగా రెండు దారాలు వేస్తే నడుమ చదరం పడతాది. ఆ చదరం దారాన్ని ఒకసారి, పక్కన గుడ్డను ఒకసారి పట్టుకుంటా చుట్టూ కుట్టుకుంటా రావాల. దారాలు అద్దం అంచుకు దగ్గరగా వేస్తే జారిపోతాది, కొంచెం లోపలికే వేయాల. మొదటి రెండు అద్దాలు ఊడతాయి, మూడోది నిలుస్తాది. మాకు దగ్గర్లో, కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతిపని తెలిసిన ఆడోళ్ళు మన తండాల్లోనూ ఉన్నారు, అడిగితే కూర్చోబెట్టి నేర్పిస్తారు.

కడప నుంచి, ఐదు నెలల బాబు తల్లి:

తడి తెల్లగుడ్డతో చీరను రుద్ది చూడండి, రంగు అంటితే వాడొద్దు. బొంత గట్టిగా, సమంగా పరవండి. బిడ్డ మీద కప్పొద్దు, మా డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

ఆదోని అక్క:

అందరికీ చేతులెత్తి దండం. తొమ్మిది రోజులయింది, జరిగింది చెబుతా.

పాపను కూర్చోబెట్టి, రాత్రిపూట విప్పింది నేనేనని చెప్పినా. కొంచెంసేపు ఏడ్చింది. కాలివేళ్ళ సంగతి చెప్పినాక కత్తెర తెమ్మనింది. ఇప్పుడు బియ్యపు గింజ ఒకటి గిన్నెలో పెట్టుకుని కుడుతా ఉంది. సాయంత్రం సూదులు ఎక్కించే పని కూడా దానిదే. పది చాలవని పద్నాలుగు పెడుతుంది.

జేజి చీర ఎండకు పట్టి చూస్తే ఒక మూల చిన్న చిరుగు, దాని మీద అతుకు. అంతవరకు నేనెప్పుడూ చూసుకోలేదు. అమ్మ చేతికిస్తే బొటనవేలితో తడిమి, "ఇది మా అత్త వేసిన కుట్టే. ఆమె ముడి ఎప్పుడూ లోపలికే దాస్తాది" అనింది. ఆ ముక్క లోపలికి పెట్టాల్సింది. పెట్టలేదు. పైపొరలో ఎడమ మూలకు వచ్చేట్లు కోసినాము. దాని పక్క వరుస తనకే కావాలని పాప పట్టుబట్టి తీసుకుంది.

లోపలంతా పాత గుడ్డే. సగం అయినాక ఒకసారి తడిపి ఆరేసి చూసినా, ముడత పడలేదు. ఇంక పదకొండు వరుసలు ఉన్నాయి.