ఉప్పు తిన్న ఊరు: సాల్టేర్ కట్టినవాడు ధర్మాత్ముడా, తెలివైన షావుకారా?

కృష్ణాతీరం:
పోయిన ఆదివారం ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి రైల్లో సాల్టేర్ వెళ్ళొచ్చాం. బ్రాడ్‌ఫర్డ్ నగరానికి ఐదారు కిలోమీటర్ల దూరం. స్టేషన్ దిగితే ఒక పక్క కొండంత ఉన్ని మిల్లు, ఇంకో పక్క గీత గీసినట్టు వీధులు, తేనెరంగు రాతి ఇళ్ళు. టైటస్ సాల్ట్ అనే ఆసామి 1853లో మిల్లు తెరిచి, ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు దాని పక్కనే పనివాళ్ళ కోసం ఏకంగా ఊరే కట్టించాడు. సాల్ట్ ఆయన ఇంటిపేరు, ఎయిర్ పక్కన పారే ఏరు. రెండూ కలిపితే సాల్టేర్. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

వీధిలో నిలబడి అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. అంతా చూసి ఒక్కటే అడిగింది: "ముద్దుగా ఉన్నాయి సరే, బట్టలెక్కడ ఆరేసుకుంటార్రా?" నవ్వేశాను. తీరా చూస్తే ఆ ఊళ్ళో దండేలు కట్టడం యజమానికి ఇష్టం లేదట. సారా కొట్టు కూడా పెట్టనివ్వలేదట.

తిరుగు రైల్లో మా రూమ్మేటుకూ నాకూ వాదన. వాడు "మహానుభావుడు" అంటాడు. నాకేమో ఎక్కడో తేడా కొడుతోంది. మీరేమంటారు?

మొండిఘటం:
తేడా ఏం లేదు తమ్ముడూ. ఆ కాలంలో పనివాడికి సొంత పెరడు, సొంత మరుగుదొడ్డి, నీళ్ళు, గ్యాస్ దీపం, పిల్లలకు బడి, నడవడానికి పార్కు ఇచ్చినవాళ్ళు ఎంతమంది? ఇచ్చినవాడు దండెం వద్దన్నాడని తప్పు పడుతున్నాం. పెట్టినమ్మను తిట్టడం మనకు అలవాటే. ఉప్పు తిన్నవాళ్ళకు విశ్వాసం ఉండాలి, ఇక్కడైతే ఆయన పేరే ఉప్పు.

పాతకాగితాలు:
పొగిడే ముందు, తిట్టే ముందు, ఆయన ఎక్కడి నుంచి లేచి వెళ్ళాడో చూడాలి. 1801లో బ్రాడ్‌ఫర్డ్ జనాభా సుమారు 13 వేలు. 1851 నాటికి లక్ష దాటింది. యాభై ఏళ్ళలో ఎనిమిది రెట్లు. మురుగు కాలువలు ఆ లెక్కన పెరగలేదు. వీపుకు వీపు ఆనించి కట్టిన ఇళ్ళు, వాటికి వెనక తలుపు లేదు, కిటికీ లేదు, గాలి రాదు. మిల్లుల మురికంతా వాగులోకి, కాలువలోకి. 1849లో కలరా వచ్చి నాలుగు వందల మందికి పైగా పోయారు. అప్పుడు ఊరికి మేయర్ ఎవరనుకున్నారు? టైటస్ సాల్టే. పొగ తగ్గించే కొత్త రకం పొయ్యి తన మిల్లుల్లో పెట్టించి, మిగతా యజమానులను కూడా పెట్టమన్నాడు. వాళ్ళు వినలేదు.

ఆ తర్వాతే తన మిల్లులన్నీ ఒకచోట చేర్చి ఊరి బయటికి వెళ్ళాడు. ధర్మమూ ఉంది, లెక్కా ఉంది. ఎంచుకున్న చోట ఏరు ఉంది, లీడ్స్–లివర్‌పూల్ కాలువ ఉంది, రైలు పట్టా ఉంది. ఉన్ని దించడానికీ బట్ట ఎక్కించడానికీ అంతకంటే మంచి జాగా దొరకదు. అదృష్టం కూడా ఆయనదే లెండి. ఎవరికీ అక్కర్లేని అల్పాకా (దక్షిణ అమెరికాలో ఒంటె జాతి జంతువు) ఉన్ని మూటలు లివర్‌పూల్ గోదాములో పడి ఉంటే 1836లో కొని, దాన్ని మెరిసే బట్టగా నేయడం పట్టుకున్నాడు. ఆస్తంతా దాని మీద వచ్చిందే.

మిల్లు పొడవు 545 అడుగులు. ప్రారంభం రోజు ఆయన యాభయ్యో పుట్టినరోజు. మూడున్నర వేల మందికి మిల్లులోనే విందు పెట్టాడు. పెళ్ళి భోజనాల బంతిలా ఉండి ఉంటుంది, తమలపాకులు తప్ప.

క్వార్టర్స్ పిల్ల:
నేను కంపెనీ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. ఏ కంపెనీ అని అడక్కండి, ఇక్కడ మా కాలనీ వాళ్ళు ఉండే ఉంటారు. సాల్టేర్ నేనూ చూశాను. వెళ్ళిన పావుగంటలో మా వారితో అన్నాను, "ఇది మా కాలనీయే, చలి ఎక్కువ అంతే" అని.

గమనించారో లేదో, అక్కడ ఇళ్ళన్నీ ఒకేలా ఉండవు. వరస చివర కాస్త ఎత్తుగా, పెద్దగా ఉన్నవి మేస్త్రీలవి, మధ్యలో చిన్నవి మామూలు పనివాళ్ళవి. మాకు ఏ టైప్, బీ టైప్, సీ టైప్ ఉండేవి. ఎవరి నాన్న ఏ గ్రేడో గేటు చూస్తే తెలిసిపోయేది. సీ టైప్ పిల్లలు ఏ టైప్ ఇంటికి ఆడుకోవడానికి వెళ్తే వాళ్ళమ్మ చెప్పులు బయట విడవమనేది, మాకేదో ఇంట్లో ఆ అలవాటు లేనట్టు.

మా కాలనీలో కూడా బడి, ఆసుపత్రి, పార్కు, క్లబ్బు అన్నీ ఉండేవి. మా నాన్న కంపెనీని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. కానీ నేను ఏడో తరగతిలో ఉండగా సమ్మె జరిగింది. నలభై రోజులు. ఆ నలభై రోజులూ మా అమ్మ రాత్రిపూట గిన్నెలు లెక్కపెట్టుకునేది. ఎందుకమ్మా అంటే, "ఖాళీ చెయ్యమంటే ఎన్ని మూటలవుతాయో చూసుకుంటున్నా" అంది. ఇల్లూ జీతమూ ఒకే చేతిలో ఉండటం అంటే అదీ. మొండిఘటం గారూ, ఉప్పు తిన్న విశ్వాసం సంగతి మాకు చెప్పొద్దు. ఆ ఉప్పు మేం పని చేసి సంపాదించుకున్నదే.

మొండిఘటం:
మీ అమ్మగారి గిన్నెల మాట చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. తప్పుగా అనుకోకండి. అయినా ఒకటి అడుగుతా. బ్రాడ్‌ఫర్డ్‌లో ఆ గాలి రాని గదిలో ఉన్న పనివాడికి మాత్రం సమ్మె నాడు అద్దె ఎవరు కట్టారు? అక్కడా మూటలు కట్టుకోవాల్సిందేగా?

క్వార్టర్స్ పిల్ల:
కట్టుకోవాలి. కానీ అక్కడ ఇంటి ఓనరు వేరు, మిల్లు ఓనరు వేరు. ఒకడితో గొడవైతే ఇంకొకడి కాళ్ళు పట్టుకోవచ్చు. పైగా పనివాళ్ళు సంఘం పెట్టుకోవడం అంటే సాల్ట్ దొరకు గిట్టేది కాదు. మిల్లు పిల్లలు సగం పూట బడిలో, సగం పూట మిల్లులో. ఆ బడి భవనం ఎంత అందంగా ఉందో మీరంతా ఫోటోలు పెడతారు, మిగతా సగం పూట ఫోటో ఎవరూ పెట్టరు.

పాతకాగితాలు:
సగం పూట పద్ధతి సాల్ట్ పెట్టింది కాదు, అప్పటి చట్టంలో ఉన్నదే. దేశమంతా బట్టల మిల్లుల్లో అదే నడిచింది. సంఘాల విషయంలో మీతో ఏకీభవిస్తాను. తానే అన్నీ చేస్తుంటే వీళ్ళకు సంఘమెందుకు అనే రకం. మన పాత జమీందారుల్లో మంచివాళ్ళనిపించుకున్నవాళ్ళ ధోరణి కూడా ఇంతే కదా.

అయితే అందరూ వదిలేసిన సంగతి ఒకటుంది. 1868లో ముసలివాళ్ళ కోసం 45 చిన్న ఇళ్ళు కట్టించాడు, విక్టోరియా రోడ్డు మీద, ముందు పూలతోటతో. అద్దె లేదు. పైగా దంపతులకైతే వారానికి 10 షిల్లింగులు, ఒంటరివాళ్ళకైతే ఏడున్నర. బ్రిటన్ ప్రభుత్వం ముసలివాళ్ళకు పెన్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది 1909లో, అదీ డెబ్భై నిండితేనే, వారానికి 5 షిల్లింగులు. నలభై ఏళ్ళ ముందు ఒక ఉన్ని వ్యాపారి అంతకంటే ఎక్కువ ఇచ్చాడు. దీన్ని ఏ ఖాతాలో రాస్తారు?

క్వార్టర్స్ పిల్ల:
షరతు కూడా చెప్పండి. మంచి నడవడిక ఉన్నవాళ్ళకే ఆ ఇల్లు. నడవడిక మంచిదో కాదో తేల్చేది ఎవరు?

పాతకాగితాలు:
షరతు నిజమే. కానీ 1909 పెన్షన్‌కూ అలాంటి షరతులే ఉండేవి. పని చేయగలిగీ చేయకుండా తిరిగినవాళ్ళకు, జైలుకెళ్ళొచ్చినవాళ్ళకు ఇచ్చేవాళ్ళు కాదు. సాల్ట్ బుద్ధి ఒక్కడి బుద్ధి కాదు, ఆ కాలపు బుద్ధి.

క్వార్టర్స్ పిల్ల:
ప్రభుత్వం తప్పు చేస్తే ఓటేసి దింపొచ్చు. అంటే మగవాళ్ళు దింపొచ్చు, అప్పటికి మాకు ఓటే లేదనుకోండి. యజమానిని ఎవరు దింపుతారు?

షిప్లీ శ్రీమతి:
నేను పక్కనే షిప్లీలో ఐదేళ్ళున్నాను, ఇప్పుడు సాల్టేర్‌లోనే అద్దెకుంటున్నాం. కృష్ణాతీరం వాళ్ళ అమ్మగారు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. మగవాళ్ళంతా పెన్షన్ లెక్కల్లో పడి దాన్ని వదిలేశారు.

1863లో ఆయన ఊరుమ్మడి చాకిరేవు లాంటిది కట్టించాడు. ఆవిరితో నడిచే యంత్రాలు, వేడిగాలితో బట్టలారబెట్టే అరలు, పక్కనే స్నానాల గదులు. గంటలో ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టుకుని ఇంటికి తీసుకుపోవచ్చని అప్పటివాళ్ళు రాశారు. కాగితం మీద చూస్తే అద్భుతం. మరి ఆడవాళ్ళు ఎగబడ్డారా? లేదు. అనుకున్నంతగా వాడలేదు, చివరికి 1936లో కూల్చేశారు.

ఎందుకు వాడలేదో నాకైతే తెలిసినట్టే ఉంది. మన చిరిగిన లోపలి లంగాలు, పిల్లాడు తడిపిన దుప్పట్లు, ఊళ్ళో అందరి ముందూ ఎవరు ఉతుకుతారండీ? అందులోనూ మేస్త్రీ భార్య పక్కన నిలబడి! దొరగారికి వీధిలో దండెం కంటికి అసహ్యం. ఆడదానికి ఇంటి గుట్టు బయటపడటం అసహ్యం. ఇద్దరికీ కావలసింది మర్యాదే, కానీ ఒకటే మర్యాద కాదు. ఆయన తప్పు దుర్మార్గం కాదు, అడక్కపోవడం. ఒక్కసారి ఏ ఇంటి గుమ్మంలోనో నిలబడి "అమ్మా, మీకేం కావాలి" అని అడిగి ఉంటే పెరట్లో ఒక రేకుల పంచ చాలని చెప్పేవాళ్ళు. ఈ చుట్టుపక్కల వాన గురించి తెలిసినవాళ్ళెవరైనా అదే చెప్తారు.

కృష్ణాతీరం:
అక్కా, ఈ కోణం మాకు తట్టనే లేదు. అమ్మకు చదివి వినిపిస్తాను.

మొండిఘటం:
శ్రీమతి గారు చెప్పింది బాగుంది. కానీ ఇప్పుడున్నవాళ్ళు సుఖంగానే ఉన్నారుగా? దొర లేడు, నిబంధనలు లేవు.

షిప్లీ శ్రీమతి:
నిబంధనలు లేవని ఎవరన్నారు? ఈ ఊళ్ళో దాదాపు ప్రతి ఇల్లూ చట్టం కింద రక్షిత కట్టడమే. మా ఇంటి చెక్క కిటికీ చలికాలం మూలుగుతుంది. ప్లాస్టిక్ ఫ్రేమ్ వేయిద్దామంటే కుదరదు, తలుపు మార్చాలన్నా అనుమతి కావాలి. అప్పుడు దండెం వద్దన్నారు, ఇప్పుడు ప్లాస్టిక్ కిటికీ వద్దంటున్నారు. కారణం మాత్రం మారలేదు, ఊరు చూసేవాళ్ళ కంటికి ఇంపుగా ఉండాలట. ఆదివారాలు మీలాంటివాళ్ళు వచ్చి మా గుమ్మం ముందు సెల్ఫీలు దిగుతారు. ఒకసారి ఒకావిడ కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. నేను చారు పోపు వేస్తున్నా. ఘాటుకి దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.

పాతకాగితాలు:
హహ. ఇళ్ళు చేతులు మారిన కథ కూడా చెప్పాలి. సాల్ట్ 1876లో పోయాడు. అంత్యక్రియలకు దారి పొడుగునా లక్ష మంది నిలబడ్డారంటారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు కూడా తిరక్కుండానే కుటుంబం చేతిలోంచి మిల్లు జారిపోయింది. 1933లో ఇళ్ళన్నిటినీ ఒక ఆస్తుల సంస్థకు అమ్మేశారు, అప్పటి నుంచి ఉన్నవాళ్ళు నెమ్మదిగా కొనుక్కోవడం మొదలైంది. 1986లో మిల్లు మూతపడింది. మరుసటి ఏడు జోనథన్ సిల్వర్ అనే ఆయన కొని, బ్రాడ్‌ఫర్డ్‌లోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలతో గ్యాలరీ పెట్టాడు. ఉన్ని దువ్విన హాళ్ళలో ఇప్పుడు పుస్తకాల షాపు, కాఫీ.

క్వార్టర్స్ పిల్ల గారూ, ఒక్కటి ఒప్పుకోండి. ఇల్లు మిల్లు చేతిలోంచి బయటపడ్డాక, మిల్లు మూతపడినా ఊరు బతికింది. రాయి గట్టిది, గదిలోకి గాలి వస్తుంది. ఆ మాత్రం పుణ్యం ఆయన ఖాతాలో వేయొచ్చు.

క్వార్టర్స్ పిల్ల:
వేస్తాను. గోడలకు వేస్తాను. మా కాలనీ మూతపడ్డాక గోడలు కూడా మిగల్లేదు, తుమ్మ చెట్లు మొలిచాయి.

ఒక్క చిన్న సంగతి. వీధుల పేర్లు చదివారా? భార్య కారొలైన్ పేరు ఒకటి, పిల్లల పేర్లు, చివరికి ఆర్కిటెక్టులు లాక్‌వుడ్, మాసన్ పేర్లు కూడా ఉన్నాయి. మగ్గం దగ్గర నిలబడ్డవాళ్ళ పేరు మీద ఒక్క సందు కూడా నాకు కనిపించలేదు. ఆయన మాత్రం ఆ ఊళ్ళో ఉండలేదు, దూరంగా క్రో నెస్ట్ అనే సొంత భవంతిలో ఉండి అక్కడే పోయాడు.

మొండిఘటం:
సరే, ఓడిపోయానని కాదు కానీ వచ్చే శనివారం నేనూ వెళ్తున్నా. అక్కడ మందు దొరకదనే అందరూ చెప్తున్నారు, నిజమేనా?

షిప్లీ శ్రీమతి:
అది దొరగారి కాలం మాట. సారా కొట్టుకు బదులుగా ఆయన గ్రంథాలయం, బిలియర్డ్స్ గది, కచేరీ హాలు ఉన్న పెద్ద భవనం కట్టించాడు, 1871లో. దాని ముందు రెండు, ఎదురుగా ఉన్న బడి ముందు రెండు రాతి సింహాలు ఉంటాయి, చూడండి. తర్వాత్తర్వాత అదే రోడ్డు మీద ఒక బార్ తెరిచి దానికి "టైటస్‌కు చెప్పొద్దు" అని పేరు పెట్టారు.

కృష్ణాతీరం, మీ అమ్మగారికి చెప్పు: మా పెరట్లో దండెం ఉంది. నిన్న ఆరేసిన తువ్వాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.