లేని ఊరికి రైలు: ఈ వారం సమస్య, వచ్చిన పూరణలు

నిర్వాహకుడు, తిరుపతి:

ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూర్తిచేయడమే పూరణ.

"లేని యూరికి రైలెక్కి లేచిపోయె"

ఎవరు లేచిపోయారు, ఎందుకు పోయారు అన్నది మీ ఇష్టం. ఊరు మాత్రం మాల్గుడి, ఆర్.కె.నారాయణ్ తన కథల కోసం ఊహించుకున్న ఊరు. 1987లో దూరదర్శన్‌లో వచ్చిన హాస్య ధారావాహిక 'మాల్గుడి డేస్' మీద పూరించాలి. మొన్న మనవడికి ఫోన్లో ఒక భాగం చూపించాను. చూసినంతసేపూ నవ్వి, అయిపోగానే "తాతా, ఈ ఊరు మ్యాప్‌లో లేదే" అన్నాడు. సమస్య అక్కడే పుట్టింది.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. గణం అంటే గురువులు (సాగే అక్షరాలు), లఘువులు (పొట్టి అక్షరాలు) కలిసిన జట్టు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు ఉంటాయి. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ప్రాస నియమం లేదు. పోయినసారి ఒకరు "తిరుపతి వేంకట కవుల ఊళ్ళో ఉండి ఇంత తేలిక సమస్యా" అని దెప్పారు. వారు జంట అవధాన కవులు. వారిలో తిరుపతి అనేది దివాకర్ల తిరుపతిశాస్త్రి గారి పేరు. మన ఊరికీ ఆ జంటకూ చుట్టరికం పేరు వరకే.

కొర్లగుంట మాస్టారు:

ఫోను లోపల నాపాట పొంగి రాగ
వయసు మోసిన బరువెల్ల వదలె నిపుడు
మనసు నిక్కరు దొడిగిన మాణి యగుచు
లేని యూరికి రైలెక్కి లేచిపోయె.

ఎల్.వైద్యనాథన్ కట్టిన ఆ "తాన తననా" వరస వినిపిస్తే చాలు, నేను రిటైరైన మాస్టారినన్న సంగతే మరిచిపోతాను.

నిర్వాహకుడు:

మొదటి బంతికే నాలుగు పరుగులు. 'మాణి' (బ్రహ్మచారి కుర్రాడు) అన్న మాట ఆ సీరియల్లోని పిల్లాడు స్వామికి అతికినట్టుంది. రెండో పాదం చివర 'ఇపుడు' మాత్రం గణం నింపడానికి వచ్చి కూర్చుంది. తీసేస్తే అర్థానికి లోటు లేదు, గణానికే లోటు. ఈ వయసులో అంతమాత్రం ఊతకర్ర తప్పదు లెండి.

కట్టమంచి కుర్రోడు:

సార్, ఫో, పొ యతి కుదురుతుందా? ఒకటి ఒత్తక్షరం కదా?

నిర్వాహకుడు:

కుదురుతుంది. ప, ఫ, బ, భ ఒకదానికొకటి చెల్లుతాయి. పక్కన అచ్చు కూడా కలవాలి. ఓకారానికి ఒకారం కలిసింది. అడగడం అయింది కాబట్టి నీ పద్యం కూడా పంపు.

కట్టమంచి కుర్రోడు:

భయపడుతూనే పంపుతున్నా.

మ్యాపులో లేదు గూగులు మాటలేదు
పాత టీవీలొ చూచిన వాడె గదర
అక్క వంటింట నుండగ నడుగకుండ
లేని యూరికి రైలెక్కి లేచిపోయె.

ఇది మా బావ కథ. ఆయనకు టీవీ ముందు కూర్చుంటే చెవులు వినపడవు.

నిర్వాహకుడు:

మూడో పాదం చూసి నవ్వాపుకోలేకపోయాను. రెండో పాదంలో మాత్రం రెండు దెబ్బలున్నాయి. గణం కోసం 'లో' కాలు విరిచి 'లొ' చేశావు. మాట్లాడేటప్పుడు అంటాం, పద్యంలో ఒప్పరు. యతి తప్పలేదు. పా దగ్గర మొదలుపెట్టి వా దగ్గర ఆగావు, ప-వలకు పొత్తు ఉంది. రెండో దెబ్బ, లేచిపోయింది బావ అని పద్యంలో ఎక్కడా లేదు, కింద నువ్వు చెబితే తెలిసింది. పద్యం వెంట నువ్వు ఇంటింటికీ వెళ్ళి చెప్పలేవు కదా నాయనా.

కట్టమంచి కుర్రోడు:

మూడో పాదంలో యతి తప్పిందేమో అని రాత్రంతా టెన్షన్ పడ్డాను సార్. అక్కకు 'నడుగ' ఏంటని.

నిర్వాహకుడు:

అది తప్పలేదు. 'ఉండగన్' మీద 'అడుగకుండ' వచ్చి 'ఉండగ నడుగకుండ' అయింది. న లోపల అ దాగి ఉంది, యతి దానికే. తప్పు చేసిన చోట నిద్రపోయి, చేయని చోట జాగారం చేశావు.

పాకాల జంక్షన్:

పద్యం తర్వాత రాస్తాను గానీ ముందు ఒక పేచీ. కొర్లగుంట మాస్టారు, కుర్రోడు ఇద్దరూ లేని ఊరు, లేని ఊరు అంటున్నారు. ఊరు లేకపోయినా స్టేషన్ ఉంది. కర్ణాటకలో శివమొగ్గ నుంచి తాళగుప్ప వెళ్ళే లైనులో అరసాళు అనే చిన్న స్టేషన్. మాల్గుడి స్టేషన్‌గా చూపించింది దాన్నే. ఆ పాత భవనాన్ని ఇప్పుడు మాల్గుడి మ్యూజియం చేశారు. అది అప్పట్లో మీటరుగేజి లైను. మా పాకాల నుంచి ధర్మవరం పోయే లైనూ అప్పుడు మీటరుగేజే. అందుకే చిన్నప్పుడు ఆ రైలు చూసి మా ఊరి రైలే అనుకున్నాం. స్టేషన్లో ఆగిన తీరూ, దిగినవాడు చుట్టూ చూసే చూపూ అచ్చం మావే.

ఇంకో సంగతి. మాల్గుడి ఎక్స్‌ప్రెస్ అని మైసూరు వైపు రైలు కూడా నడిపారు. లేని ఊరి పేరుతో ఉన్న రైలు! సమస్యలో సమస్యేమీ లేదు, అది రైల్వేవాళ్ళు ఎప్పుడో పూరించారు.

నిర్వాహకుడు:

రైల్వేవారి పూరణలో యతి చూడాలి. మీ పద్యం బాకీ.

చంద్రగిరి అక్కయ్య:

మిద్దెపై నాన్న యాంటెనా మెల్ల దిప్ప
తెరను చీమలు చెదరగ తేలె రైలు
కదలలేనట్టి మాయవ్వ కనుల తోడ
లేని యూరికి రైలెక్కి లేచిపోయె.

మా వీధిలో మొదటి టీవీ మాదే. నలుపు తెలుపు. చెక్కపెట్టెకు షట్టర్ ఉండేది. నాన్న మిద్దె మీద యాంటెనా తిప్పుతుంటే నేను కిటికీలో, తమ్ముడు మెట్ల మీద. "వచ్చిందా?" "రాలా!" "ఇప్పుడు?" "వచ్చింది, పోయింది!" మాకెవరికీ హిందీ రాదు. అవ్వకు తెలుగు, కొంచెం అరవం. అయినా ఒక్క భాగం వదల్లేదు. స్వామి నాన్నగా వేసిన గిరీశ్ కర్నాడ్ కళ్ళజోడు సర్దుకుంటే చాలు, "ఇదో, ఇప్పుడు తంతాడు" అని మాకంటే ముందు అవ్వే చెప్పేది. నడుము పడిపోయి మంచం మీదే ఉండేది. ఆమె దాటిన గడప అదొక్కటే.

పుత్తూరు పంతులు:

భావం బాగుంది. కానీ 'యాంటెనా' ఏమిటి? తేటగీతిలో అంత అన్యదేశ్యమా? 'మాయవ్వ' కూడా వినడానికి మాయ చేసే అవ్వలా ఉంది.

నిర్వాహకుడు:

పంతులుగారూ, యాంటెనాకు తెలుగు మాట వెతికిపెడితే మిద్దె మీదున్న మనిషికి అర్థంకాక దిగి వచ్చేస్తాడు. పిలిచే పేరే పద్యంలోనూ ఉండాలి. గణానికి కూడా అది ఆణిముత్యంలాంటి రగణం (గురువు, లఘువు, గురువు), ఇంద్రగణాల్లో ఒకటి. ఇక 'మాయవ్వ' అంటారా, కదలలేని మనిషి రైలెక్కింది. మాయ కాక మరేమిటి? నాకు ఈ వారం పద్యాల్లో ఇదే మొదటిది. 'తెరను చీమలు' అన్నచోట ఆగిపోయాను. ఆ గుసగుస చప్పుడు కూడా వినిపించింది.

మదనపల్లె అమ్మ:

ఏడుపుల మెగా సీరియ లింట మోగ
కత్తి కోడలు విషమును కలుపుచుండ
మామ చానలు మార్చుచు మౌనముగను
లేని యూరికి రైలెక్కి లేచిపోయె.

మా ఇంట్లో నేటికీ జరిగేది ఇదే. ఆ కోడలు నెల రోజులుగా పాలగ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. ఇంకా కలపలేదు.

నిర్వాహకుడు:

'మౌనముగను'లో చివరి 'ను' అద్దెకు తెచ్చుకున్నదే అయినా, రిమోట్ చేతిలో ఉన్న మగవాడి మౌనం ముందు ఏ తప్పూ కనబడదు. 'పులమెగా' అని నగణం (మూడు లఘువులు) మీద గురువు వేసి ఇంద్రగణం సాధించడం కూడా బాగుంది. చదివేటప్పుడు అక్కడ ఏడుపు సాగుతుంది.

పుత్తూరు పంతులు:

అసలు ఇది హాస్యమా? కంట తడి పెట్టించిన కథలు అందులో లేవా? హాస్య ధారావాహిక అని అందరూ తేలిగ్గా అనేస్తున్నారు.

పాకాల జంక్షన్:

హాస్యమే స్వామీ. జోకు వేసి, వెనక నవ్వుల చప్పుడు పెట్టే హాస్యం కాదు. స్వామి కథలో మామిడిపండ్ల లెక్క గుర్తుందా? పది పండ్లుంటే, పదిహేను అణాలు రావాలంటే, నాలుగింటికి ఎంత అని నాన్న అడుగుతాడు. వాడికి ఒక్కటే అనుమానం. అవి పండినవా, కాయలా? అందరూ నవ్వుతారు. మా దామలచెరువు మండీలో ఆ ప్రశ్న అడగనివాడు బేరానికే పనికిరాడు. కాయకు ఒక రేటు, పండుకు ఒక రేటు. లెక్కలో తప్పింది నాన్నే. ఆ పిల్లాడిని చూసి నవ్వుతూనే వాడి పక్షాన చేరిపోతాం. ఇదే నాకు తెలిసిన హాస్యం.

బాకీ తీరుస్తున్నాను.

మూడు ఫోన్లును మీటింగు ముప్పు లోర్వ
జాలకున్నట్టి తమ్ముడు జల్లు వాన
కురియు నాగుంబె కొండల గుండ, టవరు
లేని యూరికి రైలెక్కి లేచిపోయె.

నిర్వాహకుడు:

ఇదీ విరుపంటే! అందరూ 'లేని యూరు' అని పట్టుకు కూర్చుంటే, మీరు 'లేని'ని పై పాదానికి లాగి 'టవరు లేని యూరు' చేశారు. సమస్య నడుము అక్కడే విరిగింది. పాత అవధానుల ఎత్తుగడ ఇది. 'ఓర్వఁజాలక' రెండు పాదాల మధ్య చీలడం కొందరికి నచ్చదు. నాకు అభ్యంతరం లేదు.

కట్టమంచి కుర్రోడు:

సార్, నేనో తప్పు పట్టొచ్చా? చిత్రీకరణ ఎక్కువగా జరిగిన ఊరు ఆగుంబె, నిజమే. వానలకు దక్షిణ చిరపుంజి అంటారు, అదీ నిజమే. కానీ ఆగుంబెకు రైలు లేదు! మేం పోయినేడు బెంగళూరు నుంచి బస్సులో వెళ్ళాం. రైల్లో పోవాలంటే ఉడుపిలోనో శివమొగ్గలోనో దిగి మళ్ళీ బస్సెక్కాలి.

పాకాల జంక్షన్:

ఓరి నీ! నా స్టేషన్ పాఠం నాకే అప్పజెప్పావు. సరే, తమ్ముడు అరసాళులో దిగి నడిచి పోయాడనుకో.

పలమనేరు ఆటో అన్న:

నేను పద్యాలు చదువుతాను, రాసింది తక్కువ. తప్పుంటే చెప్పండి.

ఊరు నిలిపిన శంకరు డొక్క నాడు
ముప్పదైదేండ్ల వయసున మోము దిప్పి
రీళ్ళు మనకిచ్చి నవ్వుల రేడు తాను
లేని యూరికి రైలెక్కి లేచిపోయె.

బెంగళూరులో ఆరేళ్ళు ఆటో తోలినాను. అక్కడ ఆటోల వెనక శంకర్ నాగ్ బొమ్మ చూసి, సినిమా హీరో అని మాత్రమే అనుకున్నా. ఈ సీరియల్ తీసింది ఆయనే అని చాలా రోజులకు తెలిసింది. 1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయినాడు. సీరియల్ వచ్చి మూడేళ్ళు. రాత్రిపూట ఆ రోడ్డులో బండి తోలితే ఇప్పటికీ గుర్తొస్తాడు.

నిర్వాహకుడు:

గణాలు, యతులు అన్నీ సరి. ఊ, డొ యతి చూసి ఎవరైనా అడిగితే, శంకరుడు మీద 'ఒక్క' ఉంది, ఊకారానికి ఒకారం చెల్లుతుందని చెప్పండి. 'లేచిపోయె' అన్న మాట నేను చిలిపికి ఇచ్చాను. మీరు దాన్ని ఉన్నపళంగా లేచి వెళ్ళిపోవడంగా వాడారు. నేను ఇచ్చిన పాదమే నాకు కొత్తగా వినిపించింది. ఇంతకు మించి దీని మీద వ్యాఖ్య రాయలేను.

పుత్తూరు పంతులు:

'శంకరుడు' అంటే శివుడనుకునే ప్రమాదం ఉంది. అయినా ఊరుకుంటాను.

కట్టమంచి కుర్రోడు:

సార్, రెండో పాదం దిద్దాను. చూడండి.

మ్యాపులో లేదు గూగులు మాటలేదు
పాత టీవీని జూచుచు బావ నాడు
అక్క వంటింట నుండగ నడుగకుండ
లేని యూరికి రైలెక్కి లేచిపోయె.

నిర్వాహకుడు:

పా-బా కుదిరింది. బావ పద్యంలోకి వచ్చాడు. 'లో' కాలు బాగైంది. ఉత్తీర్ణుడివి.

కట్టమంచి కుర్రోడు:

ఒక చిక్కు వచ్చింది సార్. పద్యం మా అక్క చూసింది. "వంటింట్లో ఉన్నది నేనొక్కదాన్నేనా" అని బావను పిలిచి చదివించింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి అరసాళు పోతారట. టిక్కెట్లు అక్కే చూస్తోంది. నన్ను పిలవలేదు.

నిర్వాహకుడు:

అయితే 'నడుగకుండ' ఇక చెల్లదు. మూడో పాదం మళ్ళీ రాసి పంపు. యతి అక్కతోనే కలవాలి.