«తెలిసినవానిన్»: ఎంత తెలిసినవాడు?

రసాయనశాల:
ఒక పేటెంట్ దరఖాస్తు మీద అభ్యంతరాన్ని తెలుగులో రాస్తున్నాను. పెప్టైడ్‌లు, అంటే అమైనో ఆమ్లాల గొలుసులు, తయారుచేసే ప్రయోగశాల యంత్రం అది. రెజిన్ పూసల మీద అమైనో ఆమ్లాలను ఒకదాని తరువాత ఒకటి అతికించే పాత్రకు మైక్రోవేవ్ వేడి జోడించారు. పూసల పద్ధతిని మెరిఫీల్డ్ 1963లోనే ప్రకటించారు. సేంద్రియ సంశ్లేషణకు మైక్రోవేవ్ వాడవచ్చని 1986లో పత్రాలు వచ్చాయి. ఈ రెండూ కలపడం ఆ విద్య తెలిసినవాడికి ఇట్టే తట్టేదేనా అన్నది ప్రశ్న. ఆ మనిషిని ‘నిపుణుడు’ అని రాస్తే మనసుకు ఎక్కడం లేదు. ఏనుగు లక్ష్మణకవి పద్యం ఉంది కదా: ‘తెలియని మనుజుని సుఖముగ / దెలుపందగు సుఖతరముగ దెలుపగ వచ్చున్ / దెలిసినవానిం దెలిసియు / దెలియని నరు దెల్ప బ్రహ్మదేవుని వశమే’. అందులో ‘సుఖతరముగ దెలుపగ వచ్చున్’ అన్నది ఎవరిని?

కందప్రియ:
‘దెలిసినవానిన్’. భర్తృహరి సంస్కృత మూలంలో ‘విశేషజ్ఞః’. విశేషజ్ఞుడు అనే రాయండి.

పేటెంట్ పాఠకురాలు:
వద్దండీ. విశేషజ్ఞుడంటే 1984లో నోబెల్ అందుకున్న మెరిఫీల్డ్ కూడా అవుతారు. ఆయనకు తట్టేదల్లా కొట్టివేస్తూ పోతే ఏ పేటెంటూ మిగలదు. చట్టం ఊహించుకున్న మనిషి ఆ రంగంలో అచ్చయినదంతా ఎరిగినవాడు, చేయి తిరిగినవాడు. కొత్తది కనిపెట్టే ప్రతిభ మాత్రం అతని నుంచి ఆశించరు. ‘చేయి తిరిగినవాడు’ బాగుంటుంది.

కందప్రియ:
అసలు లక్ష్మణకవి విశేషజ్ఞుణ్ణి వదిలింది ప్రాస కోసం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘లి’, ‘లు’, ‘లి’, ‘లి’.

ఛందోభిమాని:
ప్రాస ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. మూలంలో ‘ఆరాధ్యః’ అంటే మెప్పించదగినవాడు. ఆయన దాన్ని ‘తెలుపు’ చేసి, పద్యమంతా తెలియడం మీదే నడిపాడు. ఎంత గొప్ప చెయ్యి! ఇంకో మాట: మూల శ్లోకం చివర చాలామంది ‘బ్రహ్మాపి తం నరం’ అని చదువుతారు. ఆ ‘తం’ ఉంటే, శ్లోకం ఛందస్సైన ఆర్య చివరి పాదంలో 15 మాత్రలు 17 అవుతాయి. ‘బ్రహ్మాపి నరం న రంజయతి’ అనే చదవాలి.

రసాయనశాల:
‘తం’ తీసేద్దాం. ‘తట్టేది’ సంగతి?

పేటెంట్ పాఠకురాలు:
‘తట్టగలిగేది’ వేరు, ‘తట్టి ఉండేది’ వేరు. యూరప్ పేటెంట్ కార్యాలయం పట్టుబట్టేది రెండోదాని మీదే. వేడి పెరిగితే హిస్టిడిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రేసిమైజ్ అవుతాయని, అంటే కొంత అద్దంలో ప్రతిబింబం లాంటి రూపంలోకి మారిపోతాయని పెప్టైడ్ రసాయనికుడికి తెలుసు. ఆ భయం ఉన్నవాడు మైక్రోవేవ్ జోలికి వెళ్లి ఉండేవాడా? మీ అభ్యంతరం నిలవాలంటే ముందు దీనికి జవాబు రాయాలి.

రసాయనశాల:
కానీ 2007లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ మనిషి మరబొమ్మ కాడు, మామూలు సృజన ఉన్నవాడేనంది. మన సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో, పనిశాలలో చేసే మామూలు మెరుగుదల చాలదంటూ పాత్రల తయారీ పేటెంటును నిలవనివ్వలేదు.

కందప్రియ:
యంత్రాన్ని చూశాక ‘ఇంతేనా’ అనే పరీక్షకుడికి మరి ‘తెలిసియు దెలియని నరు’ సరిపోతుంది.

ఛందోభిమాని:
సరిపోదు. అది ‘జ్ఞానలవదుర్విదగ్ధ’కు తెలుగు, అంటే కాస్త చదువుతో మిడిసిపడేవాడు. చూసిన యంత్రాన్ని చూడనట్టు మరచి, దరఖాస్తు తేదీ నాటికి వెళ్లి ఆలోచించాల్సిన పరీక్షకుడు వేరు. అతనికి లక్ష్మణకవి దగ్గర మాట లేదు. ‘లవ’ను, అంటే ‘కాస్త’ అన్న అర్థాన్ని, ‘తెలిసియు’ మోస్తోందా లేదా అన్నది మాత్రం తేల్చాలి.