26 అంగుళాల టింపనీ: పై ఎఫ్ దగ్గర పెడల్ నిలవడం లేదు

టింపనీ అంటే పెడల్‌తో శ్రుతి మార్చే గిన్నె ఆకారపు డ్రమ్. నాది బ్యాలెన్స్‌డ్ యాక్షన్ పెడల్ (హెడ్ బిగువును ఒక స్ప్రింగ్ తూచి పెడల్‌ని నిలిపే రకం), ప్లాస్టిక్ హెడ్ (డ్రమ్ పై పొర). మడమ పూర్తిగా దించితే బీ ఫ్లాట్ స్వరం పలుకుతుంది. డీ వరకు బాగానే ఉంటుంది. పై ఎఫ్‌కి తెచ్చి కాలు తీస్తే రెండు మూడు సెకన్లలో పెడల్ వెనక్కి జారి, శ్రుతి దాదాపు 'ఈ' (E) స్వరం దాకా దిగిపోతోంది.

బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించాలి. రెండో భాగంలో రెండు టింపనీలూ ఎఫ్‌కే, ఒకటి కింది స్థాయిలో, ఒకటి పై స్థాయిలో, శ్రుతి చేసి ఉంటాయి. కింది ఎఫ్ 29 అంగుళాల డ్రమ్ పలుకుతుంది, పై ఎఫ్ దీని పని. అక్కడ డ్రమ్ ఒంటరిగా వినిపిస్తుంది కాబట్టి కొంచెం దిగినా దాచలేం. రెండు చేతులూ, రెండో డ్రమ్మూ ఉండగా కాలితో అదిమి పట్టుకోవడం కుదరని పని.

స్ప్రింగ్ నాబ్‌ని పావు చుట్టు చొప్పున మొత్తం ఒకటిన్నర చుట్లు బిగించాను. ఎఫ్ నిలిచింది గానీ, ఇప్పుడు బీ ఫ్లాట్ దగ్గర పెడల్ దానంతటదే ముందుకు వాలి శ్రుతి పెరుగుతోంది. వదులు చేస్తే మళ్లీ మొదటి సమస్యే. హెడ్ విప్పి, గిన్నె అంచు తుడిచి, అన్ని స్క్రూల దగ్గరా శ్రుతి సమం చేశాను. తేడా లేదు.

స్ప్రింగ్ మార్చే ముందు ఒకటి తేల్చుకోవాలి: మడమ దించినప్పటి స్వరాన్ని బీ ఫ్లాట్ నుంచి బీకి పెంచి, తర్వాత స్ప్రింగ్ సరిచేస్తే రెండు చివరలా పెడల్ నిలుస్తుందా?